ప్యాకెట్‌పై ‘ఫ్లషబుల్’ అని ఉంటే చాలా? కర్నూలు, కడప ఇళ్లలో ఆ కాగితం ఎక్కడ ఆగుతుందో తెలుసా?

సూపర్ మార్కెట్‌కు వెళ్లినా, ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచినా ఈ మధ్య ఓ మాట బాగా కనిపిస్తోంది. అదే ‘ఫ్లషబుల్’. అంటే వాడాక చెత్తబుట్టలో వేయక్కర్లేదు, టాయిలెట్‌లో పడేసి నీళ్లు పోస్తే చాలు అని అర్థం. చంటిపిల్లల తడి వైప్స్, టాయిలెట్ సీటు మీద పరిచే కాగితం కవర్లు, విదేశాల్లో అయితే శానిటరీ ప్యాడ్లు కూడా ఈ పేరుతో వస్తున్నాయి. పైకి తడి అంటకుండా పల్చటి పూత, లోపల నీళ్లలో విడిపోయే కాగితం.. ఇదీ వీటి వెనకున్న ఐడియా.

వినడానికి బాగానే ఉంది. ముఖ్యంగా ఆడవాళ్లకు, హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు. వాడిన ప్యాడ్ ఎక్కడ దాచాలి, ఎవరి కంట పడకుండా ఎలా పారేయాలి అన్న ఇబ్బంది ఉండదు కదా అనిపిస్తుంది.

కానీ కర్నూలు, కడప లాంటి చోట్ల ఈ మాటను నమ్మే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. టాయిలెట్‌లో వేసిన కాగితం కంటికి కనిపించకుండా పోయింది సరే, అది వెళ్లి ఎక్కడ ఆగింది? ఆ సమాధానం తెలిస్తే ప్యాకెట్ మీద రాసిన మాటకు, మన ఇంటి పైపుకు ఎంత దూరం ఉందో అర్థమవుతుంది. పూర్తి వివరాలు చూద్దాం.

కాగితం నీళ్లలో ఎందుకు విడిపోతుంది?

కాగితం అంటే చెక్క గుజ్జు నుంచి తీసిన సన్నటి పీచులు ఒకదానికొకటి అతుక్కున్న పొర. ఈ పీచుల పేరు సెల్యులోజ్. పొడిగా ఉన్నప్పుడు వీటి మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. నీళ్లు తగలగానే ఆ బంధాలు వదులవుతాయి. టాయిలెట్ పేపర్ నీళ్లలో పడగానే నలిగి ముక్కలయ్యేది అందుకే.

మరి టాయిలెట్ పేపర్ లాగే కనిపించే కిచెన్ టవల్ ఎందుకు చిరగదు? తడిలో కూడా గట్టిగా నిలబడేలా దానికి తయారీలోనే ఒక రకం రెజిన్ కలుపుతారు. చూడ్డానికి రెండూ తెల్ల కాగితాలే. నీళ్లలో పడ్డాక మాత్రం ఒకటి విడిపోతుంది, ఇంకోటి అలాగే ఉంటుంది. అందుకే ‘కాగితమే కదా, ఏం కాదులే’ అని టాయిలెట్‌లో వేయడం మొదటి పొరపాటు.

ఇక పూత పూసిన కాగితం సంగతి. దీనికి మంచి ఉదాహరణ టీ కొట్టులో ఇచ్చే పేపర్ కప్పు. వేడి టీ పోసినా కారదు. కారణం లోపలి వైపు ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర. ఆ కప్పును రాత్రంతా బకెట్ నీళ్లలో వేసి ఉంచండి. పైనున్న కాగితం మెత్తబడుతుంది కానీ లోపలి పొర అలాగే మిగులుతుంది.

మన ఇళ్లలో ఎవరూ గమనించని మరో పూత కాగితం కూడా ఉంది. శానిటరీ ప్యాడ్ వెనక జిగురు మీద అంటించి ఉండే చీలిక. దాన్ని పీకి పారేస్తాం. జిగురుకు అంటుకోకుండా ఉండాలని దానికి సాధారణంగా సిలికాన్ పూత పూస్తారు. చిన్న కాగితం ముక్కే అని చాలామంది దాన్ని టాయిలెట్‌లోనే వేస్తారు. అది అంత తేలిగ్గా తడవదు, విడిపోదు.

తడవకూడదు.. కానీ కరగాలి! ఎలా?

ఫ్లషబుల్ పూత కాగితం తయారు చేసేవాళ్ల అసలు చిక్కు ఇక్కడే ఉంది. వాడేటప్పుడు గంటల తరబడి తడికి ఆగాలి. పారేశాక నిమిషాల్లో విడిపోవాలి. ఒకే వస్తువుతో ఈ రెండు పనులూ చేయించాలి. ఇందుకు ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, పూతను ఒకవైపే పూయడం. వాడేటప్పుడు తడి తగిలేది పూత ఉన్న వైపు. టాయిలెట్‌లో పడ్డాక నీళ్లు వెనక వైపు నుంచి, అంచుల నుంచి లోపలికి చేరి పీచులను విడగొడతాయి. పూత ఎంత పల్చగా ఉంటే అంత మేలు.

రెండోది, నీళ్లలో కరిగే పొర వాడటం. దీనికి ఎక్కువగా పీవీఏ అనే పదార్థం వాడతారు. బట్టలు ఉతికే లిక్విడ్‌తో వచ్చే చిన్న పాడ్స్ పైన ఉండే పారదర్శకమైన పొర ఇదే. ఇందులోనూ రకాలున్నాయి. కొన్ని చల్లటి నీళ్లలోనే కరుగుతాయి. కొన్ని వేడి నీళ్లు ఉంటే తప్ప కరగవు. తడికి గట్టిగా ఆగే రకం ఎంచుకుంటే అది టాయిలెట్‌లో కూడా గట్టిగానే ఉంటుంది. తేలిగ్గా కరిగే రకం ఎంచుకుంటే వాడుతుండగానే మెత్తబడే ప్రమాదం. 

మూడోది కాస్త తెలివైన దారి. ఉప్పు ఉన్నంతసేపు గట్టిగా పట్టి ఉంచి, మామూలు నీళ్లు తగలగానే వదిలేసే జిగురు. తడి వైప్స్‌లో ఈ పద్ధతి వాడతారు. ప్యాకెట్ లోపలి ద్రవంలో లవణాలు ఉంటాయి కాబట్టి వైప్ గట్టిగా ఉంటుంది. టాయిలెట్‌లో ఎక్కువ నీళ్లలో పడ్డాక ఆ లవణాల గాఢత తగ్గుతుంది. జిగురు వదులై పీచులు విడిపోతాయి. 

ఇదంతా చదివాక ‘సైన్స్ బాగానే ఉందే, మరి సమస్య ఏంటి?’ అనిపించొచ్చు. సమస్య ఆ ‘మామూలు నీళ్లు’ అన్న మాటలోనే ఉంది.

బోరు నీళ్లతో వచ్చే చిక్కు

కర్నూలు జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 670 మిల్లీమీటర్లు. కడప వైపు సుమారు 700. తుంగభద్ర, హంద్రీ, పెన్నా ఉన్నా ఊళ్లలో చాలా ఇళ్లకు వాడుక నీళ్లు వచ్చేది బోరు నుంచే. ఆ నీళ్ల సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొళాయి మూతికి తెల్లటి పొర కడుతుంది. బకెట్ అంచు గరుకుగా మారుతుంది. సబ్బు నురగ రాదు. గీజర్ కాయిల్ మీద సున్నం పేరుకుంటుంది.

దీనికి కారణం నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. దీన్నే నీటి కఠినత్వం అంటారు. తాగునీటికి బీఐఎస్ పెట్టిన ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దారి లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. రాయలసీమలో సున్నపురాయి, గట్టి రాతి పొరల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లలో ఇది ఎక్కువగా ఉండటం మామూలే.

ఇప్పుడు పైన చెప్పిన జిగురు సంగతి గుర్తు చేసుకోండి. లవణాలు ఉంటే పట్టి ఉంచుతుంది, తగ్గితే వదులుతుంది. ముఖ్యంగా కాల్షియం తగిలితే గట్టిపడే రకాలు ఉన్నాయి. అలాంటి జిగురున్న వైప్‌ను తేటనీళ్లలో వేస్తే విడిపోతుంది. అదే వైప్‌ను కఠినమైన బోరు నీళ్లలో వేస్తే ఆ నీళ్లలోని కాల్షియమే దాన్ని పట్టి ఉంచుతుంది. కఠిన జలంలో విడిపోకపోవడం ఈ రకం జిగుర్లతో మొదటి నుంచీ ఉన్న ఇబ్బందే. తర్వాత వచ్చిన రకాల్లో దీన్ని తగ్గించే ప్రయత్నం జరిగింది. అయితే మీరు కొన్న ప్యాకెట్‌లో ఏ రకం ఉందో, ఎంత కఠినత్వం వరకు అది పనిచేస్తుందో సాధారణంగా ప్యాకెట్ మీద రాయరు.

అంటే ఒకే వైప్ ఒక ఊళ్లో విడిపోవచ్చు, ఇంకో ఊళ్లో గుడ్డపేలికలా మిగలొచ్చు. తప్పు వైప్‌ది మాత్రమే కాదు, అది పడే నీళ్ల మీద కూడా ఆధారపడి ఉంటుంది.

పరీక్ష ఎలాంటి టాయిలెట్‌లో చేస్తారు?

ఫ్లషబుల్ అని రాయడానికి కంపెనీలు తమంతట తాము పాటించే మార్గదర్శకాలు ఉన్నాయి. అమెరికా, యూరప్ నాన్‌వోవెన్ పరిశ్రమ సంఘాలైన ఇండా, ఎడానా కలిసి వీటిని తెచ్చాయి. 2018లో నాలుగో ఎడిషన్ వచ్చింది. ఇందులో ఏడు పరీక్షలు ఉంటాయి. టాయిలెట్, పైపు దాటి వెళ్తుందా, నీళ్లలో అటూ ఇటూ ఊపితే విడిపోతుందా, అడుక్కి దిగుతుందా, పంపుల్లో చుట్టుకుంటుందా, గాలి ఉన్నచోట, లేనిచోట కుళ్లుతుందా అని చూస్తారు. ఊపే పరీక్ష గంటసేపు సాగుతుంది.

ఈ పరీక్షల వెనక ఒక ఊహ ఉంది. మీట నొక్కితే లీటర్ల కొద్దీ నీళ్లు ఒక్కసారిగా పడే టాయిలెట్, ఆ తర్వాత పెద్ద పైపులో ఎప్పుడూ పారుతూ ఉండే మురుగు, చివర్లో పంపులు, శుద్ధి కేంద్రం. గంటసేపు ఊపడం అంటే పారే నీళ్లలో కాగితం చేసే ప్రయాణానికి నకలు అన్నమాట.

మన దగ్గర చాలా ఇళ్లలో ఆ ప్రయాణమే లేదు. టాయిలెట్ నుంచి నాలుగైదు అడుగుల పైపు, ఆ వెంటనే సెప్టిక్ ట్యాంకు లేదా గుంత. అక్కడ నీళ్లు పారవు, నిలబడి ఉంటాయి. ఊపేది ఎవరూ లేరు. సగం విడిపోయిన కాగితం ఆ సగంలోనే ఆగిపోతుంది.

చెంబు నీళ్లు, రెండు గుంతలు

స్వచ్ఛ భారత్ మిషన్ కింద 2014 నుంచి పల్లెల్లో కట్టించిన వ్యక్తిగత మరుగుదొడ్లకు 12,000 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చారు. వీటికి ప్రభుత్వం ఎక్కువగా సూచించిన డిజైన్ జంట గుంతలది. నీళ్ల కొరత ఉన్న ప్రాంతాలకు ఇది నిజంగా మంచి డిజైన్.

ఎలా పనిచేస్తుందంటే.. బేసిన్‌ను బాగా వాలుగా చేస్తారు. కింద నీళ్ల సీల్ 20 మిల్లీమీటర్లే ఉంటుంది. అందుకే ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు పోస్తే మలం వెళ్లిపోతుంది. సిస్టర్న్ ఉన్న వెస్టర్న్ టాయిలెట్‌కు ఒక్కసారికి 6 లీటర్లు, పాతవాటికి 10 లీటర్ల దాకా పడతాయి. తేడా చూడండి. బయట రెండు గుంతలు ఉంటాయి. ఒకటి నిండాక ఛాంబర్‌లో దారి మార్చి రెండోది వాడతారు. నిండినదాన్ని మూసి ఉంచితే అందులోనిది కుళ్లి ఎరువవుతుంది. గుంత గోడల్లో ఇటుకల మధ్య ఖాళీలు వదులుతారు. నీళ్లు ఆ ఖాళీల నుంచే భూమిలోకి ఇంకాలి.

ఇప్పుడు ఇందులో పూత ఉన్న కాగితం, వైప్ లేదా ప్యాడ్ వేస్తే ఏమవుతుంది?

మొదటి దెబ్బ బేసిన్ కింది వంపు దగ్గర. 20 మిల్లీమీటర్ల సీల్ కోసం కట్టిన ఇరుకు దారి అది. చెంబుడు నీళ్ల తోపుకు మలం జారిపోతుంది, తడిసి ఉబ్బిన కాగితం ఇరుక్కుంటుంది. రెండో చోటు రెండు గుంతలకు దారి చీలే ఛాంబర్. మూడోది గుంత గోడ. విడిపోని పూత పొరలు ఇటుకల ఖాళీలకు అడ్డంగా అతుక్కుంటే నీళ్లు ఇంకవు. మూడేళ్లు రావాల్సిన గుంత అంతకు చాలా ముందే నిండుతుంది. ఇక ఎరువు సంగతి సరేసరి. ప్లాస్టిక్ పీలికలు కలిసిన ఎరువును ఏ రైతు చేలో చల్లుకుంటాడు?

ఎండాకాలం వస్తే ఇది ఇంకా ఇబ్బంది. ట్యాంకర్ వచ్చే రోజు కోసం చూసే ఇంట్లో ఎవరూ రెండో చెంబు పోయరు. నీళ్లు తక్కువయ్యే కొద్దీ లోపలికి వెళ్లిన ప్రతి వస్తువూ మరింత దగ్గరలోనే ఆగిపోతుంది.

పట్టణాల్లో పరిస్థితి వేరే రకం. కర్నూలు, కడప నగరాల్లో కూడా చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే ఆధారం. ట్యాంకు నుంచి పొంగిన నీళ్లు వీధి కాలువలోకి, అక్కడి నుంచి వంకలు, వాగుల్లోకి చేరుతుంటాయి. కర్నూలులో హంద్రీ తుంగభద్రలో కలుస్తుంది. కడపలో బుగ్గవంక ఊరి మధ్య నుంచే వెళ్తుంది. ఇంట్లో కనిపించకుండా పోయిన కాగితం పీలికలు వానొస్తే బయటపడేది ఇలాంటి చోట్లే.

పెద్ద డ్రైనేజీ ఉన్న దేశాల్లోనే ఇబ్బంది పడ్డారు

‘మన దగ్గర డ్రైనేజీ సరిగా లేదు కాబట్టి సమస్య, ఉన్నచోట బాగానే ఉంటుంది కదా’ అనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. 

2017 సెప్టెంబర్‌లో లండన్‌లోని వైట్‌చాపెల్ దగ్గర భూగర్భ డ్రైనేజీలో 250 మీటర్ల పొడవు, సుమారు 130 టన్నుల బరువున్న గడ్డ బయటపడింది. వంట నూనె కొవ్వు, తడి వైప్స్, డైపర్లు, శానిటరీ వస్తువులు కలిసి గడ్డకట్టిన ముద్ద అది. దాన్ని పగలగొట్టి తీయడానికి వారాలు పట్టింది.

కెనడాలోని టొరంటోలో రయర్సన్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో 101 రకాల వస్తువులను పరీక్షించారు. వాటిలో 23 వస్తువుల మీద ‘ఫ్లషబుల్’ అని రాసి ఉంది. ఒక్క వైప్ కూడా డ్రైనేజీకి ఇబ్బంది లేనంతగా విడిపోలేదని వాళ్లు తేల్చారు. బాగా విడిపోయిన వాటిలో ఎక్కువ భాగం మామూలు టాయిలెట్ పేపర్లే.

బ్రిటన్‌లో నీటి కంపెనీల సంఘం వాటర్ యూకే 2019లో ‘ఫైన్ టు ఫ్లష్’ అనే ముద్ర తెచ్చింది. కఠినమైన పరీక్ష పాసైన వాటికే ఆ ముద్ర. లండన్ ఇంపీరియల్ కాలేజీతో అనుబంధం ఉన్న ఓ స్టార్టప్ తయారుచేసిన ‘ఫ్లూస్’ అనే శానిటరీ ప్యాడ్ కూడా ఈ ముద్ర సాధించింది. అంటే ఫ్లష్ చేయగల ప్యాడ్ తయారు చేయడం అసాధ్యమేమీ కాదు. కానీ 2024లో వాటర్ యూకే ఆ ముద్రనే ఆపేసింది. ఏ వైప్ వేయొచ్చో, ఏది వేయకూడదో అని జనం తికమక పడకుండా ఒకే మాట చెప్పాలనుకుంది. వైప్ ఏదైనా చెత్తబుట్టలోనే వేయండి అన్నదే ఆ మాట. 

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2020లో, కాలిఫోర్నియా 2021లో చట్టాలు తెచ్చాయి. ఫ్లష్ చేయకూడని వైప్స్ ప్యాకెట్ మీద ఆ సంగతి స్పష్టంగా ముద్రించాలన్నది వాటి సారాంశం.

లీటర్ల కొద్దీ నీళ్లు, పెద్ద పైపులు, పంపులు, శుద్ధి కేంద్రాలు అన్నీ ఉన్నచోటే ఇలా వెనక్కి తగ్గారు. చెంబు నీళ్లతో నడిచే మన మరుగుదొడ్డికి ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

బండ ఎత్తాకే అసలు ప్రమాదం

ఇదంతా పైపు జామ్ అయ్యే ఖర్చు గురించే అయితే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. ప్లంబర్‌ను పిలిస్తే సరిపోతుంది. కానీ ఇందులో మనిషి ప్రాణం ఉంది.

మన వైపు సెప్టిక్ ట్యాంకు మీద మూతగా కడప బండలు వేయడం మామూలే. ట్యాంకు నిండినప్పుడు బండ పక్కకు జరిపి, ట్యాంకర్ గొట్టం లోపలికి దించి తోడిస్తారు. లోపల ఉన్నది మలం, నీళ్లు మాత్రమే అయితే గొట్టం లాగేస్తుంది. ప్యాడ్లు, వైప్స్, డైపర్లు ఉంటే గొట్టం మూతికి అడ్డం పడతాయి. అప్పుడు ఏం చేస్తారు? కర్రతో కదిలిస్తారు. కుదరకపోతే ఒకరు లోపలికి దిగుతారు. 

మూసి ఉన్న ట్యాంకులో ఆక్సిజన్ తక్కువ. మలం కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు తయారవుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో అది పది లక్షల భాగాల్లో సుమారు 100 భాగాలకు చేరితే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన తెలియదు. ‘వాసన పోయింది, గ్యాస్ పోయింది’ అనుకుని దిగినవాళ్లు అక్కడే కుప్పకూలుతారు. పడిపోయినవాళ్లను కాపాడాలని దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా చనిపోయిన ఘటనలు దేశంలో ఎన్నో. 

చట్టం ఏం చెబుతోందో తెలుసా? 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు గొట్టంలోకి దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారి అయితే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, 5 లక్షల వరకు. ఇది ఇంటి యజమానికీ వర్తిస్తుంది. 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో మురుగు శుభ్రం చేస్తూ చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ పనికి సంబంధించి కేంద్రం 2020లో 14420 హెల్ప్‌లైన్ నంబర్‌ను కూడా ప్రకటించింది.

బాత్‌రూమ్‌లో తలుపేసుకుని పడేసిన ఒక ప్యాడ్‌కు, బండ ఎత్తాక లోపలికి దిగే మనిషికి మధ్య ఉన్న సంబంధం ఇదే.

మరి శానిటరీ ప్యాడ్ సంగతేంటి?

మన షాపుల్లో దొరికే మామూలు ప్యాడ్‌లో కాగితం గుజ్జు ఉంటుంది కానీ అది పూర్తిగా కాగితం కాదు. పైన చర్మానికి తగిలేది ప్లాస్టిక్ పీచుల పొర. మధ్యలో చెక్క గుజ్జు, దాంతో పాటు జెల్‌గా మారే పొడి. కింద తడి బయటికి రాకుండా పాలిథీన్ పొర. ఆ జెల్ పొడి ఉప్పు ఉన్న ద్రవాన్ని కూడా తన బరువుకు 30 రెట్లకు పైగా పీల్చుకుని ఉబ్బుతుంది. టాయిలెట్ వంపులో ఇరుక్కున్న ప్యాడ్ గంట గడిచేకొద్దీ లావవుతుందే తప్ప కరగదు.

ప్యాడ్‌ను టాయిలెట్‌లో పారేయొచ్చన్న ఆశ కొత్తదేమీ కాదు. అమెరికాలో 1920లో కోటెక్స్ ప్యాడ్లు మార్కెట్లోకి వచ్చిన తొలి రోజుల్లోనే, వాటిని కాగితంలా తేలిగ్గా వదిలించుకోవచ్చని ప్రకటనలు ఇచ్చారు. వందేళ్లు దాటింది. ఇప్పటికీ ఆ ఆశకు పూర్తి సమాధానం దొరకలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్‌లో ‘స్వేచ్ఛ’ కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వ విద్యా సంస్థల్లో 7 నుంచి 12వ తరగతి చదివే అమ్మాయిలకు నెలకు 10 న్యాప్‌కిన్లు ఉచితంగా ఇవ్వడం దాని ఉద్దేశం. 2018 జులైలో కేంద్రం న్యాప్‌కిన్ల మీద జీఎస్టీ ఎత్తేసింది. ప్యాడ్ చేతికి అందేలా చేయడంలో ఇవి మంచి అడుగులు. అయితే ఇచ్చిన ప్యాడ్ వాడాక ఎక్కడ వేయాలి అన్నది కూడా అంతే ముఖ్యం. 

బడి టాయిలెట్‌లో మూత ఉన్న చెత్తబుట్ట లేదనుకోండి. అమ్మాయి ఏం చేస్తుంది? బయటికి పట్టుకెళ్లడానికి సిగ్గుపడి టాయిలెట్‌లోనే వేస్తుంది. అలా ఇద్దరు ముగ్గురు వేస్తే బేసిన్ జామ్ అవుతుంది. ఆ టాయిలెట్‌కు తాళం పడుతుంది. తర్వాతి నెల ఆ రోజుల్లో బడికి రావడానికి అదే అమ్మాయి వెనకాడుతుంది. ఒక చెత్తబుట్ట లేకపోవడం చదువు దాకా వస్తుంది. అందుకే తప్పును అమ్మాయిల మీదకు నెట్టకుండా, ముందు బుట్ట పెట్టాల్సింది పెద్దవాళ్లే.

అయితే ఏం చేయాలి?

ఇంట్లో, హాస్టల్‌లో, బడిలో పాటించడానికి కష్టం లేని విషయాలివి.

● టాయిలెట్‌లోకి వెళ్లాల్సినవి మూడే. మలం, మూత్రం, నీళ్లు. వాడే అలవాటుంటే పూత లేని మామూలు టాయిలెట్ పేపర్ కాస్త. మీది జంట గుంతల దొడ్డి అయితే, నీళ్లు తక్కువగా పోస్తే అది కూడా బుట్టలోనే మేలు.

● వైప్స్, సీటు కవర్లు, ప్యాడ్ వెనక చీలిక, డైపర్లు, టిష్యూలు.. ప్యాకెట్ మీద ఏం రాసున్నా చెత్తబుట్టలోకే.

● ప్రతి టాయిలెట్‌లో మూత ఉన్న చిన్న బుట్ట పెట్టండి. పక్కనే నాలుగు పాత న్యూస్ పేపర్ ముక్కలు ఉంచండి. ఈ రెండూ ఉంటే సగం సమస్య తీరినట్టే.

● వాడిన ప్యాడ్‌ను పేపర్‌లో చుట్టి, వేరుగా ఉంచి మున్సిపాలిటీ చెత్త బండికి ఇవ్వండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ప్యాడ్లు, డైపర్లను చుట్టి ఇవ్వడం వాడినవారి బాధ్యత అని చెప్పాయి. చుట్టడానికి కవర్ ఇవ్వాల్సింది తయారీ కంపెనీలు అని కూడా అవే నిబంధనల్లో ఉంది. చెత్త తీసుకునేవాళ్లు చేత్తో పట్టుకునేది అదే కాబట్టి విప్పి వేయకండి.

● పెరట్లో తగలబెట్టకండి. ప్లాస్టిక్ ఉన్న ప్యాడ్‌ను తక్కువ వేడిలో కాలిస్తే విష వాయువులు వస్తాయి.

● మళ్లీ మళ్లీ వాడే గుడ్డ ప్యాడ్లు, మెన్‌స్ట్రువల్ కప్పు కూడా ఉన్నాయి. ఉతికి వాడే ప్యాడ్లకు 2021లో బీఐఎస్ ప్రమాణం వచ్చింది. వీటిని బాగా ఉతికి ఎండలో ఆరేయాలి. ఎండకు మన వైపు కొదవ లేదు, ఉతకడానికి నీళ్లు చాలతాయా అన్నది మాత్రం ఎవరికి వాళ్లు చూసుకోవాలి. కప్పుకు నీళ్ల ఖర్చు తక్కువ.

● ట్యాంకు నిండితే యంత్రంతో తోడే ట్యాంకర్‌నే పిలవండి. గొట్టం ఇరుక్కుంటే మనిషిని దింపొద్దని గట్టిగా చెప్పండి. డబ్బులు ఎక్కువ ఇస్తామన్నా సరే, వద్దు. రెండు మూడేళ్లకోసారి తోడిస్తే ఆ పరిస్థితి రాదు.

ఇంట్లోనే చేసి చూడొచ్చు

కంపెనీ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మూత ఉన్న రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. మీ ఇంటి కొళాయి నీళ్లే, అంటే టాయిలెట్‌లో పోసే నీళ్లే సగం వరకు పోయండి. ఒకదాంట్లో మామూలు టాయిలెట్ పేపర్ ముక్క, రెండోదాంట్లో ‘ఫ్లషబుల్’ వైప్ లేదా పూత కాగితం వేయండి. నిమిషం పాటు మెల్లగా ఊపి, అరగంట కదపకుండా పెట్టేయండి. సెప్టిక్ ట్యాంకులో జరిగేది దాదాపు ఇదే.

తర్వాత టీ వడగట్టే జల్లెడలో పోసి చూడండి. పేపర్ గుజ్జుగా మారి ఉంటుంది. రెండోది చేతికి పూర్తి ముక్కగా వస్తే మీకు సమాధానం దొరికినట్టే. అందులో లాగితే చిరగని పల్చటి పొర ఏదైనా ఉంటే అది పూత. వీలైతే ఇదే పరీక్షను క్యాన్ నీళ్లతో ఇంకోసారి చేయండి. క్యాన్ నీళ్లలో విడిపోయి, బోరు నీళ్లలో విడిపోకపోతే కఠినత్వం ప్రభావం కళ్లారా చూసినట్టే.

ఒక హెచ్చరిక. డబ్బాలో బాగా విడిపోయినా టాయిలెట్‌లో వేయడానికి అది లైసెన్స్ కాదు. వేయకూడనివి గుర్తుపట్టడానికి మాత్రమే ఈ పరీక్ష పనికొస్తుంది.

తడికి ఆగి, నీళ్లలో కరిగే కాగితం మీద ప్రపంచవ్యాప్తంగా పని జరుగుతూనే ఉంది. రేపు కఠినమైన బోరు నీళ్లలో, రెండు లీటర్లకే, నిలబడిన ట్యాంకులో కూడా విడిపోయే కాగితం రావొచ్చు. వస్తే మంచిదే. ప్రస్తుతానికి మాత్రం కర్నూలు అయినా కడప అయినా ప్యాకెట్ మీద మాటను పక్కన పెట్టి, బుట్ట మూత తెరవడమే మంచిది. ఈ విషయం ఇంట్లో ఆడవాళ్లకే కాదు, సెప్టిక్ ట్యాంకు తోడించడానికి బేరం మాట్లాడే మగవాళ్లకూ తెలియాలి. చదివాక మీ ఫ్యామిలీ గ్రూపులో ఒకసారి పంపండి.